అక్క చెంబు, నా కాలి చిటికెన వేలు

నా ఒంట్లో ఏదో చెడిందని నాకు తెలిసింది ఒంటి చెప్పు వల్ల. తమిళ చిత్తిరై నెల, నడి వేసవి మధ్యాహ్నం. కోవిల్‌పట్టి తారు రోడ్డు మీద అప్పడం వేస్తే నూనె అడక్కుండా పొంగే ఎండ. బస్టాండులో దిగి అర మైలు నడిచి ఇంటికి వచ్చాను. గడపలో నిలబడ్డ నా భార్య ముత్తులక్ష్మి నా కాళ్ల వంక చూసింది.

"ఇంకో చెప్పు యాడ మామా?"

వంగి చూసుకున్నాను. కుడి కాలికి ఉంది, ఎడమ కాలికి లేదు. ఎక్కడ ఊడిందో, ఎప్పుడు ఊడిందో తెలియదు. ఆ అర మైలూ నా ఎడమ పాదం నిప్పుల మీద నడిచి వచ్చింది, నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. అరికాలు తిప్పి చూస్తే చిటికెన వేలి మొదట్లో సీమ తుమ్మ ముల్లు నిలువునా దిగి ఉంది. నా లెక్కన అది గడ్డపారంత. ముత్తులక్ష్మి లెక్కన అంగుళం. నొప్పి మాత్రం బొత్తిగా లేదు. నవ్వొచ్చింది ముందు. ఆమె నవ్వలేదు.

"మామా" అంటోందేమిటని ఆంధ్రా వైపు వాళ్లు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. ముత్తులక్ష్మి మా అక్క కూతురు. మా వైపు మేనమామను చేసుకోవడం మామూలు. అంటే మా అక్కే నాకు అత్త. ఈ చుట్టరికం గుర్తు పెట్టుకోండి, దీనితో పనుంది. ఇక మా తెలుగు ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. అక్షరాలు నాకు నెల్లూరు, ఒంగోలు అంగళ్లలో పదకొండేళ్లు అగ్గిపెట్టెలు అమ్ముతూ తిరిగినప్పుడు బోర్డులు చూసి పట్టుబడ్డాయి. తప్పులుంటే ఆ బోర్డులవి.

షుగర్ ఉందని తెలిసి అప్పటికి ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో నేను వదిలేసినవి చెబితే సన్యాసులు సిగ్గుపడి సంసారంలోకి తిరిగి వస్తారు. మా వీధి చివర కడలై మిఠాయి, అంటే వేరుశనగ చిక్కీ, వండే కొట్టం ఉంది. బెల్లం పాకం వాసన తెల్లారే మా ఇంట్లోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. ఎనిమిదేళ్లలో ఒక ముక్క ముట్టలేదు. కాఫీలో చక్కెర లేదు. విరుదునగర్ వెళితే నూనెలో వేగే పరోటా అంగళ్ల ముందు ఊపిరి బిగబట్టి నడిచేవాణ్ణి. ఎవరైనా శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవా తెస్తే పక్క గదిలోకి పోయి గోడవైపు తిరిగి నిలబడేవాణ్ణి. ఇంత చేసినా షుగర్ దిగదు. మాత్రలు పెరుగుతాయి, షుగర్ పెరుగుతుంది. చూసిన ప్రతివాడూ నా జేబుల వంక అనుమానంగా చూస్తాడు.

మా ఊరి డాక్టర్ ముల్లు తీసి కట్టు కట్టాడు. రెండు వారాలకు అది మానకపోగా గుంట పడింది. విరుదునగర్‌లో షుగర్ కాళ్లు చూసే డాక్టరమ్మ దగ్గరికి రాసిచ్చాడు. ఆవిడ తమిళంలో అన్నవి తెలుగులో రాస్తున్నాను. ఆవిడ గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. బయట బెంచీల మీద ఒక చిన్న జిల్లా జనాభా కూర్చుని ప్రతి మాటా వింటుంది.

"ఎక్కడి నుంచి వచ్చారు?"

"కోవిల్‌పట్టి."

"ఓహో" అంది. ఆ ఓహోలో ఒక లారీ కడలై మిఠాయి ఉంది. "రోజుకు ఎన్ని ముక్కలు?"

"ఒక్కటి కూడా లేదు డాక్టర్."

"హెచ్‌బిఏ1సి పది దాటింది సార్, మూడు నెలల షుగర్ లెక్క అది. రిపోర్ట్ అబద్ధం చెప్పదు."

బెంచీల మీద నవ్వులు. నాకు ఒళ్లంతా మండిపోయింది, ఆ పాదం ఒక్కటి తప్ప. అది మండాల్సిన చోట మండటం మానేసి చాలా కాలమైందని ఆవిడే చెప్పింది. సన్నటి దారంలాంటిది నా కాలికి ఆనించి, "తెలుస్తోందా?" అని పదిచోట్ల అడిగింది. రెండుచోట్లే తెలిసింది.

తర్వాత నవ్వు తీసేసి మాట్లాడింది. "ఫుట్ అల్సర్. న్యూరోపతీ ఉంది, నరాలు మొద్దుబారాయి. ఇన్‌ఫెక్షన్ ఇంకా ఎముకలోకి పోలేదు. ఆరు వారాలు చూస్తాను. షుగర్ దిగితే పుండు మూసుకుంటుంది. దిగకపోతే వేలు తీసేయాలి. వేలితో ఆగుతుందని నేను మాట ఇవ్వను."

బయట ఒక్క నవ్వు కూడా వినపడలేదు. నాకు యాభై నాలుగేళ్లు. సాత్తూరు, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల మధ్య తిరిగి కమిషన్ తెచ్చుకునేవాణ్ణి. కాళ్లే నా వ్యాపారం.

ఇన్సులిన్ మొదలుపెట్టారు. "నోట్లోకి పోయే తిండి అంతా నోట్‌బుక్‌లో రాయండి" అన్నారు. ఎడమ చేతి వెనక వైపు, భుజానికి కింద, పెద్ద బొత్తామంత సెన్సర్ ఒకటి టప్పున అతికించారు. కంటిన్యువస్ గ్లూకోజ్ మానిటర్, వాళ్ల మాటలో సీజీఎం. రెండు వారాలు ఉంటుంది. ఫోన్‌లో ఇరవై నాలుగు గంటలూ గీత గీస్తూ ఉంటుంది. నేను దొంగనని డాక్టరమ్మకు నమ్మకం, కాబట్టి పోలీసును నా చేతికే కట్టి పంపింది. అలా అనుకునే బస్సెక్కాను. బస్సంతా తిట్టుకుంటూనే వచ్చాను.

ఇంట్లో మా అక్క దాన్ని వేలితో గోకి చూసింది.

"ఏమిరా ఇది, చొక్కాయి బొత్తాం చర్మానికి కుట్టించుకొని వస్తివి?"

"షుగర్ చూపిస్తాది అక్కా."

"చక్కెర చూపించే దానికి మిషనెందుకు రా? చుమ్మా నీ మొగం చూస్తే నాకు తెలీదా?"

మా అక్క ఇల్లు పక్క వీధిలో. రోజూ పదిన్నరకు ఇత్తడి చెంబు మోసుకుని వస్తుంది. ఆ చెంబు సామాన్యమైంది కాదు, చిన్న పడవను అందులో తేలేయవచ్చు. దానినిండా సజ్జ కూళు, అంటే మజ్జిగ పోసి కలిపిన పులిసిన అంబలి. పైన తరిగిన చిన్న ఉల్లిపాయలు. షుగర్ అని తెలిసిన వారం నుంచి ఇదే మందు. "మా మామ కంబు తాగి తొంబై ఏండ్లు మాడు మాదిరి తిరిగె" అని అక్క రోజూ ఒకసారి చెబుతుంది. కంబు అంటే సజ్జ, మాడు అంటే ఎద్దు. పోయిన ఆమె మామగారు ఎడ్లతో పోటీపడ్డాడో లేదో నాకు తెలియదు. చెంబు ఖాళీ అయ్యేదాకా అక్క కదలదు. వద్దంటే అక్క అలుగుతుంది, అత్త అలుగుతుంది, ఇంట్లో భార్య అలుగుతుంది. ఒక్క చెంబుకు ముగ్గురి అలక. తాగేసేవాణ్ణి.

మూడో రోజుకే గీత తన పని చూపించింది. పొద్దున్న నూట నలభై. రెండు ఇడ్లీలకు నూట ఎనభై, మళ్లీ దిగుతుంది. పదకొండు దాటాక మాత్రం గీత నిటారుగా లేచి మూడు వందల ఇరవైకి పోయి కూర్చుంటుంది. కళుగుమలై కొండను తెచ్చి ఫోన్‌లో నాటినట్టు. రోజూ అదే వేళ, అదే కొండ.

ముత్తులక్ష్మి ఫోన్ చూసి నా వంక చూసింది.

"పదకొండు గంటలకు ఏ టీ కడకు పోతుండావు మామా?"

"ఇంటి ముందు గదిలోనే ఉండాను కదే. నువ్వే చూస్తుండావు."

"చూస్తుండగానే తింటుండావంటే ఎంత పెద్ద దొంగవో!"

అక్క వంత పాడింది. "ఆ బీరువా వెనక చూడు మే. చిన్నప్పుడు వాడు బెల్లం ఆడనే దాచె."

బీరువా జరిపారు. బొద్దింక దొరికింది. నా చొక్కా జేబులు తిప్పారు, అగ్గిపెట్టెల శాంపిళ్లు దొరికాయి. సొంత ఇంట్లో, సొంత పెళ్లాం, సొంత అక్క సోదా చేస్తుంటే చేతులెత్తి నిలబడ్డ మనిషి పేరు ఏ ఠాణా రికార్డులోనూ ఉండదు. నేనొక్కణ్ణే. ఆ సోదా జరుగుతున్నప్పుడు నా చేతిలో సగం తాగిన చెంబు ఉంది. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే పెన్ను విరగ్గొట్టాలని ఉంది.

పదో రోజున డాక్టరమ్మ నోట్‌బుక్ తిరగేసింది. ఇడ్లీ రెండు. చక్కెర లేని కాఫీ. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె, కీర, చారు. రాత్రి రెండు చపాతీలు. ఎంత చక్కటి అక్షరాలో. పదకొండు గంటల దగ్గర ఏమీ లేదు.

"ఈ టైమ్‌లో ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదు డాక్టర్."

నిజమే చెప్పాను, ఒట్టు. కూళు తిండని నాకు ఎప్పుడూ తోచలేదు. అది మందు. మాత్ర మింగితే తిండి పుస్తకంలో రాస్తామా? మందు కాకపోయినా అది తాగేది, తినేది కాదు. డాక్టరమ్మ పెదవి బిగించి పొద్దుటి ఇన్సులిన్ డోస్ పెంచింది. నేను పళ్లు బిగించి ఇంటికి వచ్చాను. పుండు మాత్రం హాయిగా పెద్దదవుతోంది.

ఆ రెండు వారాల్లో ఇంకో ఘోరం. భోజనం చేసి ఎడమ వైపు తిరిగి కునుకు తీస్తున్నాను. ఫోన్ అంబులెన్సు లాగా కూసింది. యాభై ఎనిమిది. లో షుగర్. ముత్తులక్ష్మి తల పట్టుకుంది, అక్క దవడ పట్టుకుంది, గ్లాసెడు గ్లూకోజ్ నీళ్లు గొంతులో పోశారు.

"కండ్లు తెరువు రా! అక్కను చూడు రా! ఎవరు నేను?"

"నా ప్రాణం తీయడానికి వచ్చినదానివి! వదులు!"

"మాట్లాడతాడు మే, పిళ్ళైకొచ్చె" అని, నేను బతికి బయటపడ్డానని అక్క సంతోషపడింది. వేలు గుచ్చి చూస్తే నూట నలభై. ఏ ముప్పూ లేదు. గ్లూకోజ్ పుణ్యమా అని గంటలో రెండు వందల తొంభై. ఫోన్ చేస్తే హాస్పిటల్ నర్సు తేలిగ్గా చెప్పింది: సెన్సర్ ఉన్న చెయ్యి మీద పడుకుంటే నొక్కుడుకు తప్పుడు లో చూపిస్తుందట. సెన్సర్ మాటకూ ఒంటి మాటకూ పొత్తు లేకపోతే వేలు గుచ్చి చూడాలట. అతికించిన రోజే చెబితే నోరు అరిగిపోతుందా తల్లీ అని అడిగాను. "కరపత్రంలో ఉంది సార్" అంది. కరపత్రంలో అక్షరాలు చీమలకు చదువుకోవడానికి అచ్చువేసినవి.

ఆ రోజు నుంచి మిషన్ మీద నా నమ్మకం పోయింది. అది నేను చేసిన రెండో తప్పు.

రెండో సెన్సర్ పెట్టిన నాలుగో రోజు మా అక్క శ్రీవిల్లిపుత్తూరులో చుట్టాలింటి సీమంతానికి మూడు రోజులకని వెళ్లింది. ఆ మొదటి రోజే పదకొండున్నరకు ఒళ్లు చెమటలు పట్టింది. చేతులు వణికాయి. అగ్గిపెట్టె డజన్లు లెక్కపెడుతుంటే అంకెలు బల్ల మీద గెంతుతున్నాయి. ఫోన్ కూసింది, అరవై ఒకటి. అబద్ధాలకోరు మిషన్ అని పక్కన పడేశాను. లేచి నిలబడబోయి గోడకు తల కొట్టుకున్నాను. ముత్తులక్ష్మి వచ్చి వేలు గుచ్చింది. యాభై ఐదు. ఈసారి నిజం. చక్కెర నీళ్లు తాగి పావు గంట కూర్చున్నాక తల నిలబడింది.

గాయం తుడుస్తూ ముత్తులక్ష్మి ఫోన్ చూసింది. ఏ కొండా లేదు. పొలం గట్టు లాంటి చదును గీత, చివర గుంట.

"ఈ పొద్దు ఏమి తినలేదు మామా నువ్వు?"

"రోజూ తినేదే తింటిని. ఒక్క..."

అక్కడ ఆగిపోయాను. ఆమె కూడా ఆగిపోయింది. ఇద్దరం వంటగది గుమ్మం వైపు చూశాం. రోజూ చెంబు దించే చోటు ఖాళీగా ఉంది.

డాక్టరమ్మకు ఫోన్ చేసి లో వచ్చిందని మాత్రం చెప్పాం. పొద్దుటి డోస్ తగ్గించింది. మిగతా రెండు రోజులూ కొండ రాలేదు. మూడో రోజు సాయంత్రం మా అక్క బస్సు దిగి సంచీ కూడా దించకుండా వచ్చింది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను, కాలు కట్టుతో.

"అక్కా, ఆ కూళులో ఏమి పోస్తావు?"

"ఏమి పోస్తారు? కంబు, మజ్జిగ, ఉప్పు."

"అంతేనా?"

"బియ్యం నూకలు." గర్వంగా చెప్పింది. "సగానికి సగం. తెల్ల నూకలు, రేషన్‌ది కాదు."

"బియ్యమా? ఎందుకు పోస్తివి?"

"ఎందుకా? నా కూడబుట్టినోడు, నా ఇంటి అల్లుడు. నీకు ఉత్త కంబు పోస్తే ఊరు నన్ను ఏమంటాది రా? కూలికి వచ్చినోళ్లకు పోసేది ఉత్త కంబు!"

ఇది మీకు అర్థం కావాలంటే మా నల్లరేగడి ఊళ్లు తెలియాలి. మా చిన్నతనంలో వరి పండేది కాదు. వరి అన్నం అంటే అల్లుడొస్తే, పండగొస్తే. సజ్జ అంటే లేనితనం. సజ్జలో ఎంత బియ్యం కలిస్తే ఆ మనిషికి అంత మర్యాద. ఎనిమిదేళ్లుగా మా అక్క నాకు మర్యాద చేస్తోంది. రోజుకు ఒకటిన్నర లీటరు మర్యాద, గంజిలాగా పలచగా, నేరుగా రక్తంలోకి. నేను కడలై మిఠాయి వాసనకు ముక్కు మూసుకుంటూ, నోరు తెరిచి అన్నం తాగుతున్నాను.

నాకు కోపం కట్టలు తెగింది. ఏం అన్నానో అన్నీ రాయను. "నువ్వు పోసింది కూళు కాదు, విషం" అన్నాను. "నా కాలు తీసేదాకా నీకు నిద్ర పట్టదా?" అన్నాను. మా అక్క సంచీ తీసుకుని వెళ్లిపోయింది. మా అక్క నాతో వాదించకుండా వెళ్లిపోవడం నేను పుట్టాక అదే మొదలు.

ఐదో వారం వెళ్లినప్పుడు ఎక్స్‌రే తీశారు. ఎముకలోకి పాకింది. "ఆస్టియోమైలైటిస్" అంది డాక్టరమ్మ. షుగర్ ఇప్పుడు దిగిందని గీత చూపించాను. కూళు సంగతి చెప్పాను. ఆవిడ గీతను పైకీ కిందికీ చాలాసేపు చూసింది.

"ఎనిమిదేళ్లలో ఒక్క డాక్టరైనా ఏం తాగుతారని అడిగారా?"

"లేదు. మీరూ అడగలేదు."

"అడగలేదు" అంది. ఆ రోజు తలుపు మూసే ఉంది. "తిండి అని రాయమన్నాను. తప్పు నాదే. షుగర్ దిగింది కాబట్టి వేలితో ఆపగలం. నెల ముందు దొరికి ఉంటే వేలు కూడా మిగిలేది."

ఆ చివరి మాట మీద నాకు ఇప్పటికీ కోపం. గీత మూడో రోజే చెప్పింది. కొండను వేలెత్తి చూపించింది. చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ కలిసి దాన్ని నా జేబులో వెతికారు. నేనూ వెతికాను, బీరువా జరపడానికి సాయం పట్టాను.

ఆపరేషన్ ముప్పావు గంట. కాలికి మత్తు ఇచ్చారు, పెద్దగా అవసరం లేకుండానే. మర్నాడు కళ్లు తెరిస్తే మంచం పక్కన మా అక్క. చేతిలో చెంబు లేదు. ఖాళీ చేతులతో ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు.

"రేయ్" అంది. "నా వల్ల దానే రా పోయింది ఆ వేలు?"

అవునని చెప్పడానికి నాలుక మీదికి వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు. కానీ నోట్‌బుక్ ఎవరిది? పెన్ను ఎవరి చేతిలో ఉంది? ఎనిమిదేళ్లు తాగింది ఎవరు?

"లేదక్కా. నువ్వు పోస్తివి. రాయనిది నేను."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, "రాసే పని నాకిచ్చి ఉంటే రాసి ఉంటాను" అంది. సంతకం తప్ప రాయడం రాని మనిషి.

అది జరిగి ఏడాది దాటింది. పుండు మూడు నెలలకు మూసుకుంది. తొమ్మిది వేళ్లతో, డాక్టరమ్మ రాసిచ్చిన చెప్పులతో సాత్తూరు ఫ్యాక్టరీల్లో తిరుగుతున్నాను. హెచ్‌బిఏ1సి ఏడుకు వచ్చింది. మూడు నాలుగు నెలలకొకసారి రెండు వారాలు సెన్సర్ పెట్టుకుంటాను, మిగతా రోజులు వేలు గుచ్చుకుంటాను. కుడి వైపు తిరిగి పడుకుంటాను. రోజూ పడుకునే ముందు ముత్తులక్ష్మి అద్దం పెట్టి నా అరికాళ్లు చూస్తుంది, ఇల్లు కొనేవాడు గోడలు చూసినట్టు. మా అక్క ఇప్పుడు సజ్జ సంగటి చేస్తుంది, గట్టిగా, పిడికెడు. నూకలు లేవు. ముందు కూర తిన్నాకే ముద్ద పెడుతుంది. పెట్టాక గంటకు ఫోన్ అడిగి గీత చూస్తుంది. నూట అరవై దాటితే, "ఏమి తింటివి రా నాకు తెలీక?" అని కేక. నూట అరవై దాటకపోతే వీధిలో అందరికీ తనే డాక్టర్. ఆ కేకలు భరించడం కన్నా ఇన్సులిన్ సూది సుఖం.

మీలో ఎవరికైనా ఈ సెన్సర్ పెట్టే రోజు వస్తే ఒక్క పని చేయండి. డాక్టర్ గదిలోకి ఒంటరిగా పోవద్దు. మీకు వండిపెట్టే మనిషిని వెంట తీసుకెళ్లి, మీ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, మీరు నిలబడండి. పొద్దున లేచింది మొదలు ఏ గిన్నెలో ఏమి, ఎంత పోసి ఇస్తుందో ఆమెనే చెప్పనివ్వండి, మందు పేరుతో ఇచ్చేవి మొదట. నేను ఆ కుర్చీలో ఎనిమిదేళ్లు నేనే కూర్చున్నాను.